గుంటూరు నాలుక, బ్యాంకాక్ రోలు

"ఎన్ని కాయలు వెయ్యమంటారు?"

అడిగింది రోటి ముందు నిలబడ్డ ఆవిడ. ఆవిడ అడిగింది థాయిలో, నాకు వినబడింది మా మేనల్లుడి తెలుగులో. బ్యాంకాక్‌లో విక్టరీ మాన్యుమెంట్ దగ్గర ఓ సందు మొదట్లో తోపుడు బండి. బండి మీద లోతైన మట్టి రోలు, అందులో కర్ర రోకలి. అద్దం వెనక పచ్చి బొప్పాయి తురుము, టమాటాలు, అలసంద కాయలు, ఎండు రొయ్యలు, నిమ్మకాయలు. ఓ గిన్నె నిండా మిరపకాయలు. చిటికెన వేలి గోరుకంటే కాస్త పొడుగు, అంతే. వాటి పేరు ఫ్రిక్ ఖీ నూ. అంటే ఎలుక పెంటిక మిరప. పేరు పెట్టినవాడు ఎవరోగానీ మొహమాటం లేని మనిషి.

ఆవిడ దంచేది సోమ్ తమ్. పుల్లగా దంచింది అని అర్థం. కాయల లెక్క అడగడం అక్కడ మామూలే. మనవాళ్ళు టీలో చక్కెర ఎన్ని చెంచాలని అడిగినట్టు.

"ఒక్కటీ వద్దని చెప్పరా" అన్నాను.

వాడు చెప్పాడు. ఆవిడ రోకలి ఆపి నా మొహం చూసింది. "ఇండియా?" అంది. తలూపాను. "ఇండియా కిన్ ఫెట్!" అని నవ్వింది. ఇండియావాళ్ళు కారం తింటారు కదా, ఈయనకేమైంది అని. అయినా మాట తప్పలేదు, నా కళ్ళముందే ఒక్క కాయ కూడా వెయ్యకుండా దంచి పొట్లంలో పోసి ఇచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రెండోది పెట్టుకోలేదు. ముక్కూ కళ్ళూ ఒకేసారి కారాయి.

కాయ వెయ్యలేదు, నిజమే. కానీ నాకు ముందు ముగ్గురు నిలబడ్డారు. ఒకాయన ఐదు, ఒకావిడ ఏడు, మా మేనల్లుడు ఎనిమిది. అవన్నీ ఆ రోట్లోనే నలిగాయి. మట్టీ కర్రా తాగినంత తాగి, మిగిలింది నాకిచ్చాయి. ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. గోంగూర పచ్చడి నూరి తీసేశాక అమ్మ ఆ రోట్లోనే వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టేది. ఆ రోటి ముద్ద కోసం అక్కలూ అన్నయ్యా కొట్టుకునేవాళ్ళు. నేను పెరట్లోకి పారిపోయేవాణ్ణి.

నేను పుట్టింది గుంటూరులో. నాన్న మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమస్తా. ఫిబ్రవరి వచ్చిందంటే ఇంట్లో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క తప్ప ఇంకో మాట ఉండేది కాదు. తేజ ఎంత పలికింది, సన్నం ఎంత, తాలుకాయ ఎంతకు పోయింది. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే అందరికీ తుమ్ములు. అలాంటి ఇంట్లో కారం తినలేని పిల్లాడు పుట్టడం అమ్మకు చాలాకాలం అర్థం కాలేదు. ఇప్పటికీ పెళ్ళి భోజనాల్లో నేను కూర పక్కకి నెట్టేస్తే, పక్క విస్తరాయన గొంతు తగ్గించి అడుగుతాడు, "అల్సరా అండీ?" అని. కాదు. జబ్బేమీ లేదు. కారం ఇష్టం లేదు. ఈ మూడు మాటలూ నమ్మే తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు.

మా మేనల్లుడు ఉద్యోగం మీద రెండేళ్ళుగా బ్యాంకాక్‌లో ఉంటున్నాడు. పది రోజులు రమ్మన్నాడు. "మావయ్యా, గుంటూరువాడివై ఉండి నువ్వు భయపడతావేంటి" అని విమానాశ్రయంలోనే మొదలుపెట్టాడు. నా భయం నాది. సంచిలో అటుకులూ మరమరాలూ కాస్త చప్పిడి పప్పుపొడీ వేసుకునే వెళ్ళాను.

మొదటి మూడు రోజులూ చేసిన తప్పు ఒకటే. పేరున్న వంటకాలు చూసి అడగడం, కారం తగ్గించమని బతిమాలడం. బతిమాలడానికి నేర్చుకున్న మొదటి థాయి మాటే నన్ను ముంచింది. కారానికి అక్కడి మాట ఫెట్, కాదు అనడానికి మై. మై ఫెట్ అంటే చాలన్నాడు వాడు. ఫ అనే అక్షరాన్ని మనం రాస్తాం గానీ పలకం. ఫలం అన్నా ఫ్యాను అన్నా కింది పెదవిని పళ్ళకు తగిలించి గాలి వదిలేస్తాం, లేదంటే ఆ ఒత్తును మింగేసి పలం, ప్యాను అంటాం. థాయి ఫ మాత్రం అచ్చం చిన్నప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని పలికించిన ఫ. ప కింద గట్టిగా హ. నేను నా గుంటూరు ధోరణిలో "మై పెట్" అన్నాను. వంటాయన గంభీరంగా తలూపి, లేదు లేదు, కోడే అన్నాడు. పెట్ అంటే బాతు. రెండు మాటలకీ స్వరం కూడా ఒకటే, ఉన్న తేడా అంతా ఆ ఒత్తులోనే. బాతు లేని, కారం నిండా ఉన్న కోడికూర నా బల్ల మీదికి వచ్చింది.

ఒత్తు సరిచేసుకున్నాక కూడా మై ఫెట్ వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. కారంగా ఉండకూడదు అన్నది అభిప్రాయం. వండేవాళ్ళకు వాళ్ళ అభిప్రాయం వాళ్ళకు ఉంటుంది. మా అమ్మ కూడా "ఇవాళ కారం వెయ్యనేలేదురా" అనేది, అది ఆవిడ లెక్కలో నిజమే. దానికంటే మై సై ఫ్రిక్ నయం. మిరపకాయ వెయ్యొద్దు అని. ఇది ఆజ్ఞ, ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. వేపుడు బండి దగ్గరైతే పనికొస్తుంది. ఆకుపచ్చ కూర అని పేరున్న కేంగ్ ఖియావ్ వాన్ దగ్గర పనికిరాదు. అందులో పచ్చిమిరపకాయే కూర, పొద్దున్నే ముద్దగా నూరి పెట్టేసుకుంటారు. దాన్లోంచి కారం తీసెయ్యమనడం చింతపండు పులుసులోంచి చింతపండు తీసెయ్యమనడమే. ఆ కొట్టువాళ్ళు నన్ను విసుక్కోలేదు, ఓ గరిటెడు కొబ్బరిపాలు అదనంగా పోశారు. నిప్పు మీద దుప్పటి కప్పినట్టు అయింది.

రెండో రాత్రి మరీ మండిపోయి ఓ భారతీయ హోటల్లో దూరాను. పెరుగన్నం దొరుకుతుందని ఆశ. పెరుగన్నం అయిపోయింది. వడ్డించే కుర్రాడు నా ఊరు అడిగి తెలుసుకుని, లోపలికెళ్ళి ప్రత్యేకంగా "గుంటూరు చికెన్" తెచ్చిపెట్టాడు. ఇంత దూరం వచ్చి దానికే చిక్కాను.

గదికి వెళ్ళే దారిలో అడుగడుగునా ఉండే సెవెన్ ఇలెవెన్ కొట్లో పాలు కొన్నాను. నీళ్ళు తాగితే మంట పోదు. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నీళ్ళు దాన్ని నోరంతా పూస్తాయి. పాలలోని కేసీన్ అయితే దాన్ని పట్టుకుని లాక్కుపోతుంది. మన పెద్దలు భోజనాన్ని పెరుగుతో ముగించింది ఇందుకేనని చెప్పను, చల్లబడ్డారు అంతే. ఇంకో సంగతి. నోరు మండింది అనే మాటను నేను అలంకారమనుకునేవాణ్ణి. నాలుక మీద సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే ఒక గ్రాహకం ఉంది. క్యాప్సైసిన్ తగిలినా అదే మేల్కొంటుంది. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. అంటే మెదడుకు చేరే కబురు రుచి కబురు కాదు, కాలిందన్న కబురే. పక్షులకు ఆ కబురు చేరదు. చిలక పచ్చిమిరపకాయను కులాసాగా కొరుక్కు తినేది అందుకే, అది ధైర్యమేమీ కాదు. ఇదంతా మా మేనల్లుడికి చెబితే, "అయితే మాది ధైర్యమేనన్నమాట" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున్న ప్రతూనామ్ బట్టల బజారు దగ్గర గులాబీరంగు చొక్కాల పనివాళ్ళున్న ఓ అన్నం కొట్టు ముందు పెద్ద వరస కనబడింది. వరస ఉంటే నిలబడటం మన అలవాటు కదా, నిలబడ్డాను. వాళ్ళు పెట్టేది ఒకటే, ఖావ్ మన్ గై. చైనా దక్షిణాన ఉన్న హైనాన్ దీవి నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చిన తిండి. కోడిని ముక్కలు కొట్టకుండా నీళ్ళలో నెమ్మదిగా ఉడికిస్తారు. ఆ నీళ్ళలోనే, ఆ కొవ్వుతోనే, అల్లం వెల్లుల్లి వేసి అన్నం వండుతారు. తెల్లటి పళ్ళెంలో తెల్లటి అన్నం, దాని మీద తెల్లటి కోడి, పక్కన నాలుగు కీరా ముక్కలు, పైన కాస్త కొత్తిమీర. ఒక చిన్న గిన్నెలో వేడి వేడి తేట పులుసు. అందులో తేలుతున్న ముక్కను చెంచాతో తిప్పి చూశాను. బూడిద గుమ్మడికాయ! మనం వడియాలు పెట్టుకునే కాయ, దిష్టి తగలకుండా గుమ్మానికి వేలాడదీసే కాయ, కోడి పులుసులో గాజులా మెరుస్తూ మెత్తగా ఉంది. మీద చల్లిన తెల్ల మిరియాల పొడి ముక్కుకు తగిలింది, అంతటితో పోయింది. మిరియంతో నాకు పేచీ లేదు. మిరియం చుట్టంలా వచ్చి వెళ్తుంది, మిరపకాయ వచ్చి కాపురం పెడుతుంది.

కారం లేకపోలేదు. ఇంకో చిట్టి గిన్నెలో సోయా గింజల పులిసిన ముద్ద, అల్లం, మిరపకాయలు, వెనిగర్ కలిపిన సాస్ ఇచ్చారు. ఆ గిన్నెను నాలుగు అంగుళాలు పక్కకి జరిపాను. అంతే నేను చేసిన పని. ఎవరినీ బతిమాలలేదు, ఎవరూ నా మొహం కేసి చూడలేదు. చుట్టూ బట్టల కొట్ల పనివాళ్ళూ ఆఫీసులకెళ్ళే ఆడపిల్లలూ అదే తింటున్నారు. ఇది విదేశీయుడి కోసం చప్పగా చేసిన తిండి కాదు, చప్పగానే పుట్టిన తిండి. మూడు రోజులుగా నేను కారంగా పుట్టినవాటి గడ్డం పట్టుకుని తిరుగుతున్నాను.

ఆ తర్వాత దారి తెలిసిపోయింది. వంటకాన్ని మార్చమని అడగడం మానేసి, పిల్లలూ ముసలివాళ్ళూ జ్వరం తగ్గినవాళ్ళూ ఏం తింటున్నారా అని చూడటం మొదలుపెట్టాను. పొద్దున పూట బాంగ్ రాక్ వైపు సందుల్లో బియ్యపు జావ దొరుకుతుంది. గింజ ఆనవాలు కనబడకుండా ఉడికించి, అల్లం తురుమూ ఉల్లికాడలూ వేసి, అడుగున ఓ గుడ్డు కొట్టి పోస్తారు. పేరు జోక్. పేరు విని నవ్వాను గానీ తిన్నాక నవ్వలేదు, రెండో గిన్నె తెప్పించుకున్నాను. మధ్యాహ్నం ఏమీ తోచకపోతే ఖై జియావ్. చేప సాస్ వేసి గిలక్కొట్టిన గుడ్డును మూకుడు నిండా కాగిన నూనెలో పోస్తారు, పూరీలా పొంగుతుంది, దాన్ని అన్నం మీద బోర్లిస్తారు. మన ఆమ్లెట్‌లో పచ్చిమిరపకాయ లేకపోతే వండినవాళ్ళకే తోచదు. అక్కడ అది లేకపోవడమే పద్ధతి.

నూడుల్స్ కొట్లలో ఇంకో మర్యాద చూశాను. ప్రతి బల్ల మీదా నాలుగు చిన్న గిన్నెల పెట్టె ఉంటుంది. ఒకదాంట్లో ఎండు కారం, ఒకదాంట్లో చేప సాస్‌లో మిరప ముక్కలు, ఒకదాంట్లో వెనిగర్‌లో మిరప ముక్కలు, నాలుగోదాంట్లో చక్కెర. వంటాయన తేట పులుసూ నూడుల్సూ ఇచ్చి తప్పుకుంటాడు. ఎవరి కారం వాళ్ళు కలుపుకోవాలి. మా మేనల్లుడు ఎండు కారం మూడు చెంచాలు వేసుకుంటే నేను చక్కెర ఒక చెంచా వేసుకున్నాను. నూడుల్స్‌లో చక్కెరా అని నొసలు చిట్లించకండి, పక్క బల్ల మీద ట్యాక్సీ డ్రైవరు రెండు వేసుకున్నాడు.

ఈ మొత్తంలో నాకు దగ్గరి బంధువు అనిపించింది కేంగ్ చూట్. పళ్ళేల్లో రకరకాల కూరలు పరిచి అన్నం మీద వడ్డించే కొట్లలో, ఎర్రటివీ పచ్చటివీ పదో పన్నెండో ఉంటే, చివర ఓ గిన్నెలో తేట నీళ్ళలా ఉంటుంది. మెత్తటి టోఫు, చైనా క్యాబేజీ, గాజు నూడుల్స్, మాంసం ఉండలు. చూట్ అంటే చప్పన. చప్పటి పులుసు అని పేరే పెట్టి ధైర్యంగా అమ్ముతున్నారు! మన దగ్గర ఏ హోటలు బోర్డు మీదైనా ఆ మాట ఊహించగలమా? చప్పిడి కూడు అంటే మనకు పథ్యం, బాలింత, ఆస్పత్రి. అక్కడ ఇంటి భోజనంలో నాలుగు రకాలు మధ్యలో పెట్టుకుని అందరూ తింటారు. కారం కూర ఉంటే పక్కన చూట్ ఉండటం రివాజు. కారం తినేవాడికే అది ఎక్కువ అవసరం, రెండు ముద్దలకోసారి ఓ చెంచా తాగి మళ్ళీ కారంలోకి దిగుతాడు. ఆవకాయ పక్కన ముద్దపప్పు ఉన్నట్టే. ముద్దపప్పుకు మనం ఆ గౌరవం ఇచ్చామా అంటే, ఆవకాయ మీద చెప్పుకున్నన్ని కబుర్లు ముద్దపప్పు మీద ఎవరూ చెప్పుకోలేదు.

ఒక హెచ్చరిక. నాకు పట్టింపులన్నీ కారం దగ్గరే, మాంసం దగ్గర లేవు. శాకాహారులకు నా దారి పనికిరాదు. పైకి తేటగా కనబడే పులుసు కింద పంది ఎముకో చేప సాసో ఉంటుంది. వాళ్ళు పసుపు జెండా మీద ఎర్రటి జే అక్షరం వెతుక్కోవాలి. అక్కడ ఉల్లి వెల్లుల్లి కూడా తగలవు. అయితే జే అంటే కారం లేదని కాదు.

చియాంగ్ మై వెళ్ళే రాత్రి రైల్లో, సుమారు 750 కిలోమీటర్ల దారిలో, మాకు మిరపకాయ మీద వాదన వచ్చింది. కారం వీళ్ళ రక్తంలోనే ఉంది మావయ్యా అంటాడు వాడు. రక్తంలో కాదురా, ఓడలో వచ్చింది అన్నాను. మిరపది అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్ళ దూత అయుత్తయ రాజధానికి వచ్చింది 1511లో. ఆ తర్వాతే ఎప్పుడో ఈ కాయ అక్కడి మట్టిలో పడింది. అంతకుముందు ఘాటంటే మిరియమే, దాని పేరే ఫ్రిక్. కొత్త కాయ వచ్చి ఆ పేరు లాగేసుకుంది. పాత మిరియాన్ని ఇప్పుడు ఫ్రిక్ థాయ్ అనాల్సి వస్తోంది, మన ఊరి ఫ్రిక్ అని. ఇంటి యజమానిని అద్దెకున్నవాడు అరుగు మీదికి పంపించినట్టు. ఈ మాట అంటుంటే నాకే తట్టింది, మనం మాత్రం ఏం చేశాం? మిరియం, మిరప. కొత్తకాయకు పాతదాని పేరే చుట్టి ఇచ్చాం. శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి జొన్నకూడును తిట్టుకున్నాడని చెప్పుకుంటాం. మిరపకాయను తిట్టుకునే అదృష్టం ఆయనకు లేదు, అదింకా సముద్రం దాటలేదు. శ్రీనాథుడు కూడా నాలాగే తిని బతికాడన్నమాట అంటే, మా వాడు దుప్పటి ముసుగేసుకున్నాడు.

చియాంగ్ మైలో బాన్ హా మసీదు ఉన్న వీధిలో ఖావ్ సోయ్ తిన్నాం. యున్నాన్ నుంచి గుర్రాలతో కంచరగాడిదలతో సరుకు మోసుకుంటూ కొండలు దిగి వచ్చిన ముస్లిం వర్తకుల వీధి అది. కొబ్బరిపాల పసుపు పులుసులో గుడ్డు నూడుల్స్, పైన అవే నూడుల్స్ కరకరలాడేట్టు వేయించి ఓ గుప్పెడు. పక్కన ఊరబెట్టిన ఆవ ఆకు, చిన్నుల్లిపాయలు, నిమ్మచెక్క. నూనెలో మాడ్చిన ఎర్రకారం మాత్రం వేరే గిన్నెలో. పులుసులోనూ ఎండుమిర్చి లేకపోలేదు, నాలుక అంచున వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం నాకు పనికొస్తుందని యాభై మూడేళ్ళకు తెలిసింది. మస్సమాన్ కూడా అంతే. దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, బంగాళాదుంప, వేరుశనగ గుళ్ళు. కళ్ళు మూసుకు తింటే మన కుర్మాకు సముద్రం అవతలి పినతల్లి కూతురు. థాయి రాజు రెండో రామ వంటకాలను పొగుడుతూ రాసిన పద్యాల్లో దీనికీ చోటిచ్చాడు. ఎలుక పెంటికల దేశంలో రాజుగారి మెప్పు పొందిన కూర నేను తినగలిగిన కూర కావడం గురించి మా మేనల్లుడికి కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాను.

తిరుగు ప్రయాణం ముందురోజు సాయంత్రం మళ్ళీ విక్టరీ మాన్యుమెంట్ సందులో నిలబడ్డాం. సోమ్ తమ్ ఆవిడ నన్ను గుర్తుపట్టి, మేనల్లుణ్ణి ఏదో అడిగింది. వాడు పడీ పడీ నవ్వాడు.

"ఏంట్రా?"

"నీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది మావయ్యా. కడుపులో ఏదన్నా జబ్బా అని."

ఒంట్లో బాగానే ఉందని చెప్పించి, ఇంకో మాట కూడా చెప్పించాను. రోలు ఒక్కసారి కడుగుతారా అని. ఆవిడ కాసేపు రోటి కేసి చూసింది. తర్వాత చెంబుడు నీళ్ళు పోసి, రోకలితో గుండ్రంగా తిప్పి, కాలవలో పారబోసింది. మళ్ళీ పోసి, మళ్ళీ పారబోసింది. బొప్పాయి, తాటిబెల్లం, నిమ్మరసం, చేప సాస్, వేయించిన వేరుశనగ గుళ్ళు. రోకలి టొక్కు టొక్కు మంది. పులుపూ తీపీ ఉప్పూ దేనికది తెలిసింది, బొప్పాయి కరకరా నలిగింది. పొట్లం ఖాళీ అయిందాకా తలెత్తలేదు.

నా తర్వాత మా మేనల్లుడిది దంచింది. ఎనిమిది కాయలు, మామూలే. వాడు రెండు ముద్దలు తిని ఆగాడు. రోటి కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"ఇవాళ దీంట్లో కారం తగ్గింది మావయ్యా."